చిరాగ్ అలీ లేన్‌లో ఒక గదికి రంగు

అసెంబ్లీ స్టేషన్ దాటి మెట్రో నాంపల్లి వైపు సాగుతుంటే కిటికీలోంచి అసెంబ్లీ గుమ్మటాలు కనిపిస్తాయి. జనవరి ఉదయం, ఎండ ఇంకా ఏటవాలుగానే ఉంది. 1913లో టౌన్‌హాలుగా పూర్తయిన ఆ కట్టడానికి పైనుంచి కిందిదాకా వేసింది ఒక్కటే తెలుపు. అయినా ఇప్పుడు అక్కడ రెండు రంగులున్నాయి. గుమ్మటానికి ఎండ తగిలే వైపు మీగడ రంగు, నీడ వైపు లేత నీలం. ఎండలో పసుపుదనం ఉంటుంది. నీడలోకి వచ్చే వెలుగు ఆకాశానిది, అందులో నీలం ఉంటుంది. రెండు వైపులా వాడిన డబ్బా మాత్రం ఒకటే.

మన పక్క సీట్లో కూర్చున్న అక్క అటు చూడటం లేదు. ఫోన్‌లో షేడ్ కార్డులు తిరగేస్తోంది. కూకట్‌పల్లి నుంచి వస్తోంది. చిరాగ్ అలీ లేన్‌లోని పాత ఇంట్లో వాళ్ల నాన్న ఉండే గదికి రంగు వేయించాలి. ఆయన కుడి కంటికి ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఎండాకాలం లోపు చేస్తామన్నారు డాక్టర్లు. ఈలోగా గది బాగుచేసి పెట్టాలని ఆమె పట్టుదల. ముదురు రంగులు వద్దని తండ్రీకూతుళ్లు ముందే అనుకున్నారు. "మరీ సున్నం కొట్టినట్టు తెల్లగ వద్దు బిడ్డా, తెలుపుకు కొంచెం ఇటు ఉండాలె," అన్నాడాయన. వినడానికి చిన్న కోరికే. దానికి జవాబుగా కార్డులో పేజీలకు పేజీలు గళ్లున్నాయి.

నాంపల్లిలో మెట్లు దిగేసరికి రంగుల మేస్త్రీ కింద నిలబడి ఉన్నాడు.

"నమస్తే అక్కా. నాయన ఎట్లున్నడు?"

"మంచిగున్నడన్నా. నీ కోసమే ఎదురుచూస్తున్నడు."

ఎగ్జిబిషన్ గ్రౌండ్ మీదుగా మొజంజాహీ మార్కెట్ వైపు నడుస్తున్నాం. నుమాయిష్ రోజులివి. ఏటా జరిగే ఈ ప్రదర్శన 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఈ మైదానానికి చేరింది. సాయంత్రమైతే ఈ రోడ్డు మీద కాలు పెట్టే సందు దొరకదు. అందుకే మేస్త్రీకి తొందర. నడుస్తూనే చెబుతున్నాడు: "జనవరిల గోడలు ఎండి ఉంటయక్కా. వానల చెమ్మ పోయి ఉంటది. గిప్పుడు ఏస్తేనే రంగు పట్టుకుంటది." అది నిజం. గోడలో తడి ఉండగా ఎమల్షన్ వేస్తే ఎంత ఖరీదైన రంగయినా పొక్కి పెచ్చులూడుతుంది.

మార్కెట్‌కు కాస్త ఇవతల రంగుల దుకాణం. గుమ్మంలోనే థిన్నర్ వాసన. లోపల ఇరవై లీటర్ల బకెట్లు, వరసలుగా పేర్చిన నాలుగు లీటర్ల డబ్బాలు, ఓ మూల రంగులు కలిపే మెషిన్. నెత్తిన ఎల్‌ఈడీ ట్యూబులు పట్టపగలే వెలుగుతున్నాయి. 6500 కెల్విన్ రకం, నీలి ఛాయ తెలుపు.

"ఆఫ్ వైట్‌ల ఇవి మస్తు పోతున్నయి మేడం," అంటూ దుకాణదారు కార్డు విప్పి కౌంటర్ మీద పరిచాడు. అక్క చాలాసేపు చూసి మూడు గళ్లు ఏరింది. వాటికి ఇంగ్లీషు పేర్లున్నాయి, పక్కన నంబర్లున్నాయి. నాన్నకు చెప్పడానికి వీలుగా ఆమె తనే పేర్లు పెట్టేసింది: మీగడ, గంధం, విభూది. ఆ ట్యూబు కింద చూస్తే మూడింటికీ తేడా కనిపెట్టడం కష్టమే. ఇంత దగ్గరగా ఉన్నవాటిలో ఏదైతేనేం అనిపిస్తుంది మనకు. చాలామంది సరిగ్గా ఇక్కడే ఏదో ఒకదాని మీద వేలు పెట్టి డబ్బు కట్టేస్తారు.

మేస్త్రీ ఊరుకోలేదు. "అన్నా, తెల్ల కాగితం ఒకటియ్యరాదు," అని బిల్లుబుక్కులోంచి ఖాళీ కాగితం చింపించుకున్నాడు. కార్డు, కాగితం పట్టుకుని అక్కను గుమ్మం బయటికి, నీడ పట్టున నిలబెట్టాడు. తెల్ల కాగితం మీద మూడు గళ్లూ పక్కపక్కన ఆనించాడు. ఇప్పుడు చూడండి. మీగడలో పసుపు బయటపడింది. గంధంలో గులాబీ ఛాయ తేలింది. విభూది బూడిద అనుకున్నాం, అందులో లీలగా ఆకుపచ్చ ఉంది. విడివిడిగా చూసినంతసేపు మూడూ తెలుపులే. అసలు తెలుపు పక్కకు వచ్చేసరికి దేనిది దానికి తెలిసిపోయింది.

ఆ వరసలోనే అట్టడుగున ఉండే ముదురు గడిని కూడా చూపించాడు. లేత గడిలో దాక్కున్న ఛాయ అక్కడ దాగదు. మీగడ వరస కింద ఆవపిండి పసుపు ఉంది, గంధం కింద ఇటుక రంగు, విభూది కింద నాచు పట్టిన బండ రంగు. ఏ గడిని ఎంచుకున్నా దాని కుటుంబం మొత్తాన్ని ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట.

కొన్ని కార్డుల మీద గడి వెనక ఎల్‌ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. పడిన వెలుగులో నూటికి ఎంత వంతు గోడ తిప్పికొడుతుందో చెప్పే లెక్క. నలుపు దగ్గర అది సున్నా వైపు, మంచి తెలుపు దగ్గర 85, 90 వైపు ఉంటుంది. పెద్దవాళ్ల గదికి, అందులోనూ పేపరు చదువుకునే మనిషి గదికి, 70కి తగ్గకుండా చూసుకోమంటాను. వయసుతో కంటిలోకి వెళ్లే వెలుగు తగ్గుతుంది. ఆ లోటు కొంత గోడ తీర్చగలదు.

మూడింటికీ చిన్న శాంపిళ్లు కలపమన్నాడు మేస్త్రీ. ఇది దగ్గరికెళ్లి చూడాలి. దుకాణంలో కుర్రాడు తెల్ల బేస్ మూత తీసి డబ్బాను మెషిన్ కింద పెట్టాడు. ఆ తెలుపు టైటానియం డయాక్సైడ్‌ది, మూడు శాంపిళ్లకూ అదే. తెర మీద నంబరు కొట్టగానే సన్నటి ముక్కులోంచి ఆవ రంగు దారం ఒకటి జారి తెలుపు మీద చుట్ట చుట్టుకుంది, ఆగింది. ఆ వెంటనే ఒక నల్ల చుక్క పడింది.

"నలుపెందుకు?" అక్క ఉలిక్కిపడింది.

"నలుపు పడకుంటే పసుపు కొట్టొచ్చినట్టు కనబడతది మేడం. ఆ చుక్క దాన్ని అణుస్తది."

గంధంలోకి రెడ్ ఆక్సైడ్ కూడా పడింది. మూత బిగించి షేకర్‌లో పెట్టి తిప్పి తీస్తే ఎరుపూ లేదు, నలుపూ లేదు. కానీ అవి అందులోనే ఉన్నాయి. రేపు గోడ మీద వెలుగు మారినప్పుడల్లా వాటిలో ఒకటి పైకి వస్తుంది.

మొజంజాహీ మార్కెట్ పక్కనుంచే వెళ్తున్నాం కాబట్టి ఒక్క నిమిషం ఆగుదాం. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు మీద 1935లో కట్టిన మార్కెట్ ఇది. బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. దూరం నుంచి బూడిద రంగు కట్టడం. గోడకు జానెడు దూరంలో నిలబడి చూస్తే గ్రానైట్ రాయిలో బూడిద అనే రంగే లేదు. తెల్లటి రేణువులు, గులాబీ జీర ఉన్న ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, మధ్యమధ్య నల్ల చుక్కలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే అన్నీ కలిసిపోయి మళ్లీ బూడిద. అందుకే ఆ రాయి పొద్దున ఒక తీరుగా, సాయంత్రం మరో తీరుగా ఉంటుంది, ఎప్పుడూ నిర్జీవంగా మాత్రం ఉండదు. మంచి లేత రంగుకు నేను పెట్టుకునే కొలబద్ద ఇదే. అందులో ఏదో ఒక రంగు ప్రాణంతో ఉండాలి, కానీ గొంతెత్తకూడదు.

ఆబిడ్స్ వైపు తిరిగి జీపీఓ దాటాం. ఆదివారం ఈ షట్టర్లు మూసి ఉంటే వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఇవాళ పనిరోజు, నడక త్వరగా సాగదు. ట్రూప్ బజార్‌లో రెండు ఎల్‌ఈడీ బల్బులు కొన్నారు, ఒకటి 3000 కెల్విన్‌ది, ఒకటి 4000ది. పక్కనే స్టేషనరీ కొట్టులో మందపాటి తెల్ల డ్రాయింగ్ షీట్లు తీసుకున్నారు. రంగు కొనడానికి వచ్చి బల్బులు కొనడమేమిటని అక్క అడగబోయి ఊరుకుంది. మేస్త్రీ ముఖంలో అంత నిబ్బరం ఉంది.

చిరాగ్ అలీ లేన్. పందొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువులో పనిచేసిన పండితుడు మౌల్వీ చిరాగ్ అలీ పేరు మీద వచ్చిన గల్లీ. ఇల్లు మొదటి అంతస్తులో. గది పన్నెండడుగులకు పద్నాలుగు, పదడుగుల ఎత్తు. ఒక్కటే కిటికీ, ఉత్తరానికి. కింద షాబాద్ బండలు, యాభై ఏళ్ల నడకకు నున్నబడి నీలి బూడిద తేలాయి. కిటికీకి ఎదురుగా గల్లీకి అవతల మూడంతస్తుల బిల్డింగు. దాని గోడకు గులాబీ రంగు. ఈ గది ఎలా ఉండాలో నిర్ణయించేవి ఇవి. బండలు మారవు, కిటికీ మారదు, ఎదుటివాళ్ల గోడ మన చేతిలో లేదు.

నాన్న కుర్చీలోంచి లేవబోతే మేస్త్రీ వారించాడు. "కూసోండ్రి పెద్దాయనా." స్విచ్‌బోర్డు పక్కన ఉబ్బిన చోట లప్పం పట్టీ ఆనించి మెల్లగా తట్టాడు. రూపాయి బిళ్లంత పెచ్చు ఊడి అరచేతిలో పడింది. దాన్ని అంచు మీద నిలబెట్టి వెలుగుకు పట్టుకుంటే గీతలు గీతలుగా పొరలు. పైన ఇప్పటి లేత ఆకుపచ్చ ఎమల్షన్. దాని కింద గులాబీ డిస్టెంపర్. ఆ కింద ఆకాశ నీలం. అన్నిటికంటే అడుగున మందంగా, పొడిపొడిగా సున్నం.

"అది అమ్మ ఉన్నప్పటి నీలం," అన్నాడు నాన్న. "అంతకుముందు దసరాకు దసరాకు సున్నమే. నేనే నీలిమందు కలిపేటోణ్ణి."

సున్నంలో నీలిమందు చిటికెడు పడితే గోడ ఇంకా తెల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే సున్నంలోని పసుపు జీరను నీలం కొట్టేస్తుంది. ఇందాక మెషిన్ కింద నల్లచుక్క చేసిన పని కూడా అటువంటిదే. దుకాణాలూ కార్డులూ రాకముందే ఈ లెక్క ఇళ్లలో నడిచింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. పాత తలుపుల, కిటికీల ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు వేసిన పొరలను పొడిగా గీకితే ఆ దుమ్ము ఇంట్లోవాళ్ల ఊపిరిలోకి పోతుంది. తడిపి రుద్దాలి, ముక్కుకు మాస్క్ ఉండాలి, పిల్లల్ని ఆ రోజు ఇంట్లో ఉంచకూడదు. మేస్త్రీ బకెట్లో నీళ్లు ముందే తెచ్చుకున్నాడు.

శాంపిల్‌ను నేరుగా ఆకుపచ్చ గోడ మీద పూస్తాడని అక్క అనుకుంది. అతను ముందు ఒక్క గీత అలా గీసి చూపించాడు. గంధం ఆ ఆకుపచ్చ మధ్యలో పచ్చి గులాబీగా తేలింది. చుట్టూ ఉన్న రంగు తన ఎదుటి రంగును మధ్యలోకి తోస్తుంది. పారిస్‌లో గోబెలాఁ తివాచీల కార్ఖానాలో అద్దకం చూసుకునే రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ దీని మీద 1839లో పెద్ద గ్రంథమే అచ్చువేశాడు. నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే ఆయన వెతికి వెతికి, లోపం అద్దకంలో లేదని, పక్కన నేసిన రంగులో ఉందని తేల్చాడు. మేస్త్రీకి షెవ్రల్ తెలియకపోవచ్చు, పని తెలుసు. డ్రాయింగ్ షీట్ల మీద చుట్టూ రెండంగుళాల తెల్ల అంచు వదిలి ఒక్కో రంగూ పూశాడు. ఆరాక రెండో కోటింగు వేశాడు. తడిగా ఉన్నప్పుడు చూసి మాట్లాడొద్దన్నాడు, ఎమల్షన్ ఆరితే ఒక పిసరు ముదురుతుంది. ప్రతి రంగుకూ రెండు షీట్లు: ఒకటి కిటికీ ఎదుటి గోడకు, ఒకటి కిటికీ పక్క గోడకు.

మర్నాడు పొద్దున ఏడుంబావు. ఉత్తరపు కిటికీలోంచి వెలుగు నిలకడగా, చల్లగా వస్తోంది. విభూది ముందు నిలబడండి. నిన్న దుకాణంలో ఎంతో పెద్దమనిషి తరహాగా కనిపించిన రంగు ఇక్కడ తడి సిమెంటు. కింద నీలి బూడిద బండలు, పైన ఇది, గదికి జలుబు చేసినట్టుంది. గంధం ఫరవాలేదు. మీగడలో పసుపు ఆ నీలి వెలుగును విరిచి దాదాపు తెల్లగా నిలబడింది.

పదకొండున్నర దాటాక సంగతి మారింది. జనవరిలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు. మన కిటికీలోకి ఎండ రాదు, కానీ ఎదురుగా ఉన్న ఆ గులాబీ గోడ దక్షిణానికే తిరిగి ఉంది. దాని మీద ఎండ నిండుగా పడి, ఆ గులాబీ అంతా గల్లీ దాటి మన గదిలోకి దూకింది. కిటికీ ఎదుటి గోడ మీద గంధం షీటు చూడండి, చంటిపిల్లల గది రంగు. కిటికీ పక్క గోడ మీద అదే గంధం అంత చెడలేదు. అక్క రెండు షీట్లనూ మార్చి మార్చి అతికించింది, ఒకే డబ్బాలోవేనా అని మేస్త్రీని అడిగింది. ఒకే డబ్బాలోవే. నిన్న పొద్దున మెట్రోలోంచి ఆమె చూడని గుమ్మటం ఇప్పుడు ఇంట్లోకే వచ్చింది.

సాయంత్రం ఆరు దాటాక నాన్న అలవాటుగా ట్యూబ్ లైటు వేశాడు. ఆ నీలి తెలుపులో మీగడకు నిమ్మకాయ ఛాయ వచ్చింది, విభూదిలో ఆకుపచ్చ బయటపడింది. మేస్త్రీ హోల్డర్‌లో 3000 బల్బు పెట్టాడు. మూడు షీట్లూ ఒకేసారి పసుపెక్కాయి, హాయిగానే ఉంది కానీ నాన్న పేపరు దగ్గరకు లాక్కోవాల్సి వచ్చింది. 4000 పెట్టాక అక్షరాలు తేరుకున్నాయి, గోడలు నెమ్మదించాయి. పగటి రంగుకు దగ్గరగా ఉన్నది ఇదే. రంగు ఎంచుకోకముందే బల్బు ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. రోజూ చీకటి పడ్డప్పటి నుంచి పడుకునేదాకా మనం గోడను బల్బు వెలుగులోనే చూస్తాం.

ఇక నాన్న వంతు. ఆయన షీట్ల ముందుకొచ్చి నిలబడి, ఎడమ కన్ను అరచేత్తో మూశాడు. తర్వాత కుడి కన్ను మూశాడు. మళ్లీ ఎడమది.

"బిడ్డా, ఈ కంటితోని చూస్తే ఇది తెల్లగుంది," మీగడ మీద వేలు పెట్టాడు. "గీ కంటితోని చూస్తే పాత పేపర్ తీరుగుంది."

అక్క అర్థంకానట్టు చూసింది. శుక్లం పట్టిన కటకం ఏళ్ల తరబడి పసుపెక్కుతూ వస్తుంది. నెమ్మదిగా వస్తుంది కాబట్టి మనిషికి తెలియదు. దాన్ని తీసి కొత్త కటకం పెట్టాక ఆగిపోయిన నీలం ఒక్కసారిగా లోపలికొస్తుంది, తెలుపులు కడిగినట్టు కనిపిస్తాయి. నాన్నకు ఇప్పుడు కుడి కంటికి ఒక గోడ, ఎడమ కంటికి ఒక గోడ. విభూది ఆయన కుడి కంటికి ఏకంగా నీలంగా ఉంది. గంధం రెండు కళ్లకూ నచ్చలేదు.

"మరి ఏ కంటిని నమ్మాలె నాయినా?" అంది అక్క.

"ఆపరేషనైన కంటినే. రేపు రెండోదీ గట్లనే అయితది కద."

ఆ మాటతో చాలావరకు తేలిపోయింది. అయితే అక్క కళ్లు ఇంకా నలభైలలోనివి, ఆమెకు మీగడ కాస్త పసుపుగానే ఉంది, ట్యూబ్ లైటు కింద నిమ్మకాయ ఛాయ మనసులోంచి పోలేదు. పైగా నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ వెలుగు ఇంకో గోడ మీద పడి రంగు షీటు మీదకంటే చిక్కబడుతుంది. మేస్త్రీ మధ్యేమార్గం చెప్పాడు: "మీగడనే తీసుకుందాం అక్కా. కానీ డోసు సగం ఏపిద్దాం." అదే తెలుపు బేస్, అవే చుక్కలు, సగం కొలత. అడిగితే దుకాణంలో చేసి ఇస్తారు. కార్డులో లేని రంగు అడగొచ్చన్న సంగతే చాలామందికి తెలియదు.

మళ్లీ నాంపల్లి దుకాణం దాకా వెళ్లాల్సిన పని లేదని ఫోన్ చేద్దామనుకున్నారు, మేస్త్రీ ఒప్పుకోలేదు. కలిపేటప్పుడు ఎదురుగా ఉండాలట. గోడల చుట్టుకొలత యాభై రెండడుగులు, ఎత్తు పది, తలుపూ కిటికీ అలమారా తీసేస్తే దాదాపు 460 చదరపు అడుగులు. రెండు కోటింగులకు లీటరుకు నూరడుగులని అతని లెక్క. నాలుగు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బా ఒకటి. సగం డోసులో లీటరు డబ్బాకు పడే నలుపు సూదిమొనంత, మెషిన్ రవ్వంత ఎక్కువ వదిలినా ఛాయ మారిపోతుంది. అందుకని ఇంటికి తెచ్చి రెండు డబ్బాలనూ ఒకే బకెట్లో పోసి కర్రతో కలియతిప్పాకే రోలర్ ముంచుతానన్నాడు. మెరుపు రకం వద్దని, మ్యాట్ చాలని కూడా అతనే తేల్చాడు. పాత గోడకు ఎంత లప్పం పెట్టి రుద్దినా ఎత్తుపల్లాలుంటాయి. ఏటవాలు వెలుగులో మెరుపు వాటన్నిటినీ పట్టి చూపిస్తుంది. సీలింగ్‌కు దుకాణదారు మిలమిలలాడే తెలుపు చూపిస్తే అక్కే వద్దంది. ఆ నీలి తెలుపు కింద మీగడ మాసినట్టు కనబడుతుందని ఇప్పుడు ఆమెకు తెలుసు. నీలి జీర లేని మామూలు తెలుపు తీసుకుంది.

ఇంటికొచ్చాక మేస్త్రీ లప్పం ఆరిన చోట సాండ్ పేపర్ వేస్తుంటే, అక్క డబ్బా మూత మీది స్టిక్కరు చూసి కోడ్, డోసు, కంపెనీ, రకం, తేదీ అన్నీ ఒక కాగితం మీద రాసింది. దాన్ని అలమారా తలుపు లోపలి వైపు అతికించింది. ఎప్పుడైనా మేకు దింపినప్పుడు పెచ్చు ఊడితే అర లీటరు ఇదే రంగు మళ్లీ తెచ్చుకోవాలి కదా. "బల్బు నంబర్ గూడ రాయి," అన్నాడు నాన్న. ఆమె 4000 అని కింద చేర్చింది. మేస్త్రీ నిచ్చెన వేసుకుని సీలింగ్ మొదలుపెట్టాడు.